పెళ్లైన కొత్తలో కారులో కొండలకి: విశాఖ నుంచి కాంగేర్ లోయకు, పాపికొండలకు సమగ్ర మార్గదర్శి

విశాఖలో తెల్లారి కారు తీస్తే చీకటి పడేలోపు చేరుకోగల కొండ జాతీయ ఉద్యానాలు రెండున్నాయి. ఒకటి ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ పక్కనున్న కాంగేర్ లోయ. 200 చదరపు కిలోమీటర్ల ఈ అడవి 1982లో జాతీయ ఉద్యానమైంది. రెండోది మన రాష్ట్రంలోనే, గోదావరి కనుమల్ని చీల్చుకుని వచ్చే చోట ఉన్న పాపికొండ. 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 2008లో జాతీయ ఉద్యానం చేశారు. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లు. మొదటిదానికి అనంతగిరి, అరకు మీదుగా వెళ్లొచ్చు. రెండోదానికి లంబసింగి, అడ్డతీగల మీదుగా. రెండు దారులూ అందమైనవే. కానీ వారం సెలవులో రెండూ చూద్దామని బయల్దేరిన జంట ఏదీ సరిగా చూడకుండా, ఒళ్లు హూనమై ఇంటికొస్తుంది.

కొండ ప్రయాణం ఎక్కువగా చెడేది కిలోమీటర్లు చూసి రోజులు లెక్కేయడం వల్ల. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లే. జాతీయ రహదారి మీదైతే రెండు గంటల పని. ఘాట్ రోడ్డులో మధ్యలో రెండు చోట్ల ఆగితే నాలుగు గంటలు. అందుకే ఈ మార్గదర్శి అంతటా దూరం గంటల్లోనే లెక్కపెట్టాం. మూడు కట్టుబాట్లు పెట్టుకోండి. ఊరు మారే రోజు సాయంత్రం నాలుగుకల్లా గదికి చేరాలి. ప్రధాన మజిలీ ప్రతిదానిలో రెండు రాత్రులు ఉండాలి. అడవిలో రాత్రిపూట బండి నడపకూడదు. మిగతా ఏర్పాట్లన్నీ వీటికి లోబడి చేసుకోవాల్సినవే.

ముందు ముహూర్తం ఏ నెలలో ఉందో చూడండి

కార్తీక, మార్గశిర మాసాల్లో పెళ్లైన వాళ్లది అదృష్టం. వానలు వెనక్కి తగ్గి ఉంటాయి, జలపాతాల్లో ఇంకా నీళ్లుంటాయి, అరకు చుట్టూ వలిసె చేలు పసుప్పచ్చగా పూసి ఉంటాయి. కాంగేర్‌లోని కుటుంసర్ గుహను వానాకాలమంతా మూసి, నీళ్లు తీశాక సాధారణంగా నవంబరు ప్రాంతంలో తెరుస్తారు. కష్టమల్లా గదులతోనే. కార్తీక మాసం వనభోజనాలు, క్రిస్మస్, సంక్రాంతి సెలవులకు అరకులో, లంబసింగిలో శని, ఆదివారాలు నిండిపోతాయి. నెల ముందే గది పెట్టుకుని, సోమవారం నుంచి గురువారం మధ్యలో ఉండేలా చూసుకోండి.

మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లైతే అడవి ఎండుతూ ఉంటుంది, జలపాతాలు సన్నబడతాయి. గోదావరి మీద పాపికొండల పడవ ప్రయాణానికి మాత్రం ఇది మంచి కాలం. ఈ నెలల్లో లంబసింగి మీదుగా పాపికొండకు వెళ్లే దక్షిణపు దారే మేలు. వైశాఖంలో జగదల్‌పూర్ ఎండ మండిపోతుంది. అప్పుడు అరకు, అనంతగిరి వరకే వెళ్లి రావడం తెలివైన పని.

జ్యేష్ఠంలో పెళ్లైతే ఆషాఢం వచ్చేలోపు ఉన్నవి కొద్ది వారాలే. కొత్త కోడలు పుట్టింటికి వెళ్లేలోపే తిరిగి రావాలని పెద్దలంటారు. పదహారు రోజుల పండుగ అయ్యాక ఎన్ని రోజులు మిగులుతాయో చూసుకుని, కింద చెప్పిన అయిదు రాత్రుల చుట్టుకు చాలకపోతే అరకులో మూడు రాత్రులతో సరిపెట్టుకోండి. శ్రావణంలో ప్రతి మంగళవారం మంగళగౌరీ నోము ఉంటుంది. బుధవారం వేకువన బయల్దేరి సోమవారం రాత్రికి ఇల్లు చేరితే ఏ నోమూ తప్పదు, కింద చెప్పిన చుట్టు సరిగ్గా పడుతుంది. మధ్యలో వరలక్ష్మీ వ్రతం శుక్రవారం వస్తుందేమో మాత్రం చూసుకోండి. అయితే శ్రావణమంటే వర్షాలు. చిత్రకోట జలపాతం ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఎర్రగా దూకుతుంది, చూడాల్సిందే. గుహలు మూసి ఉంటాయి, గోదావరి పడవలు ఆగిపోతాయి, ఘాట్‌లో కొండచరియలు విరిగిపడతాయి. అల్పపీడనం హెచ్చరిక ఉంటే ప్రయాణం రెండు రోజులు వెనక్కి జరపండి.

కాగితాలు, గది

పెళ్లికూతురి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పుట్టింటి చిరునామా ఉంటాయి. దాని వల్ల గది ఇవ్వకూడదన్న చట్టమేమీ లేదు. అయినా చిన్న ఊళ్ల లాడ్జీల్లో ప్రశ్నలు అడుగుతారు. ఇద్దరి ఆధార్‌లతో పాటు ఒక శుభలేఖ, పెళ్లి ఫోటో ఫోనులో, వివాహ రిజిస్ట్రేషన్ అయి ఉంటే దాని నకలు పెట్టుకోండి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు, లైసెన్సు డిజీలాకర్‌లో ఉన్నా సరిపోతుంది. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు కాబట్టి జిరాక్సులు కూడా ఉంచుకోండి.

సొంత కారుకి ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో తిరగడానికి పర్మిట్ అక్కర్లేదు. అద్దె కారు తీసుకుంటే కథ వేరు. పసుపు ప్లేటు టాక్సీ అయినా, నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండే సెల్ఫ్ డ్రైవ్ కారయినా, ఆ రెండు రాష్ట్రాలకూ చెల్లే పర్మిట్ ఉందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద చూడండి. చెక్‌పోస్టు దగ్గర బండి ఆగిపోతే ప్రయాణం అక్కడితో సరి.

ఇంకొక మాట. మన్యంలో గంజాయి తనిఖీలు గట్టిగా జరుగుతాయి. కారు ఆపి డిక్కీ, సీట్ల కింద వెతుకుతారు. సహకరించండి, వాదన వద్దు. తెలియని వాళ్లను ఎక్కించుకోవద్దు, ఎంత బతిమాలినా ఎవరి సంచీ, పార్సిలూ కారులో పెట్టనివ్వద్దు. బండిలో దొరికితే మీది కాదని నిరూపించుకోవడం చాలా కష్టం. మద్యం సీసాలతో రాష్ట్ర సరిహద్దు దాటడమూ చిక్కే.

బండి సిద్ధం చేయడం

వారం ముందు సర్వీసింగుకు ఇవ్వండి. ముందు రోజు ఇస్తే, ఏదైనా బిగింపు సరిగా లేకపోతే అది కొండ మీదే బయటపడుతుంది. మెకానిక్కుకి "ఘాట్‌కి వెళ్తున్నాం" అని చెప్పి, ఈ పనులు పేరుపేరునా అడగండి.

బ్రేక్ ప్యాడ్లు విప్పి మందం చూడమనండి, సగం కంటే తక్కువుంటే మార్చేయండి. బ్రేక్ ఆయిల్ పోసి రెండేళ్లు దాటితే కొత్తది పోయించాలి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. పొడవైన దిగుడులో బ్రేకులు కాలి ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేల దాకా వెళ్లిపోతుంది, బండి ఆగదు. డాట్ 3 పోయాలా 4 పోయాలా అన్నది డబ్బా మూత మీదే రాసి ఉంటుంది.

టైరు గాడుల లోతు 3 మిల్లీమీటర్లయినా ఉండాలి. చట్టం ఒప్పుకునే కనీసం 1.6, కానీ తడి ఘాట్‌లో అది చాలదు. స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్, ముందు తగిలించే టోయింగ్ కొక్కెం ఉన్నాయో కళ్లతో చూడండి. చాలామంది స్టెప్నీ ఉందనుకుంటారు, అందులో గాలి ఉండదు. వైపర్ రబ్బర్లు, కూలెంట్, రేడియేటర్ ఫ్యాను, నాలుగు వైపులా లైట్లు చూడండి. ఒక లీటరు కూలెంట్, టార్చి, చక్రాల వెనక పెట్టడానికి రెండు చెక్క దిమ్మలు, పాత దుప్పటి డిక్కీలో పెట్టండి.

ఉత్తరపు చుట్టు మొత్తం సుమారు 850 కిలోమీటర్లు. ఊళ్లో లీటరుకు 18 వచ్చే పెట్రోలు కారుకి కొండల్లో 14 వేసుకోండి, అంటే 60 లీటర్లు. ట్యాంకు సగానికి దిగగానే కనిపించిన బంకులో నింపేయడం అలవాటు చేసుకోండి.

ఘాట్‌లో నడపడం

ఇద్దరిలో ఒకరికే ఘాట్ అలవాటుంటే నడిపేది వాళ్లే. పెళ్లైన కొత్తలో "నేను నడుపుతానులే" అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. ఇద్దరికీ అలవాటు లేకపోతే ముందొక ఆదివారం సింహాచలం కొండ రోడ్డు రెండుసార్లు ఎక్కి దిగండి. అయినా ధీమా రాకపోతే డ్రైవరును పెట్టుకోండి.

ఎక్కేటప్పుడు రెండో గేరు మీద ఇంజను తేలిగ్గా లాగేలా ఉండాలి. ఇంజను వణుకుతుంటే గేరు దించడం ఆలస్యమైనట్టు. హెయిర్‌పిన్ మలుపుకి ముందే గేరు మార్చండి, మలుపు మధ్యలో క్లచ్ తొక్కితే బండి వెనక్కి జారుతుంది. ఎక్కుడులో ఆగాల్సొస్తే హ్యాండ్‌బ్రేకు లాగి, మొదటి గేరు వేసి, క్లచ్ సగం వదిలి ముందు భాగం కాస్త లేచినట్టు అనిపించాకే హ్యాండ్‌బ్రేకు దించండి. క్లచ్ మీదే బండిని నిలబెడితే పది నిమిషాల్లో కాలిన వాసన వస్తుంది.

ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. రోడ్డు నిబంధన కూడా ఇదే చెబుతుంది. లోయ వైపు మట్టి అంచు మీదికి చక్రం దించొద్దు, వానకి లోపల డొల్లగా ఉంటుంది. కొండ వైపు ఆగండి.

అసలు పరీక్ష దిగుడులో ఉంటుంది. ఏ గేరులో ఎక్కగలరో అదే గేరులో దిగండి. అనంతగిరి ఘాట్‌కి చాలా చోట్ల రెండో గేరే. ఆటోమేటిక్ బండయితే ఎల్, 2, ఎస్ లేదా మాన్యువల్‌లో పెట్టండి. డి లో వదిలేస్తే బండి పై గేరులోకి వెళ్లి వేగం పట్టుకుంటుంది. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు ఆదా అనుకోవడం శుద్ధ పొరపాటు. గేరులో యాక్సిలరేటర్ వదిలి దిగుతుంటే ఇప్పటి ఇంజన్లు ఇంధనాన్ని ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఇంజను తిరగడానికి ఖర్చవుతుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు, గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయండి. ఆ వదిలిన క్షణాల్లోనే డిస్కు చల్లారుతుంది.

కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా వెడల్పైన చోట ఆపి 30 నిమిషాలు కూర్చోండి. కాలుతున్న డిస్కు మీద నీళ్లు పోయకండి, వంకర పోతుంది. గేరులో పెట్టి చక్రాల కింద దిమ్మలు వేయండి. బండి ఆపకముందే పెడల్ పూర్తిగా కిందికి పోతే వెంటవెంటనే పంపు కొట్టినట్టు తొక్కుతూ, ఒక్కో గేరూ దించుతూ, హ్యాండ్‌బ్రేకును కొద్దికొద్దిగా లాగండి. అయినా ఆగకపోతే బండిని కొండ వైపు మట్టికి రాసుకునేలా తిప్పండి.

ఎక్కుడులో వేడి ముల్లు పైకి పోతే ఏసీ కట్టేసి, హీటరు పూర్తిగా పెట్టి, ఆగే చోటు చూసుకోండి. రేడియేటర్ మూత వేడి మీద విప్పితే మొహం కాలుతుంది. ఇంజను పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి. పొగమంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడే కనిపిస్తుంది. లోబీమ్, ఫాగ్ లైట్లు వేసుకుని ఎడమ అంచు గీత పట్టుకుని నెమ్మదిగా వెళ్లండి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వెలిగించొద్దు, ఎటు తిరుగుతున్నారో వెనక వాళ్లకి తెలియదు.

ఉత్తరపు చుట్టు: అరకు, కాంగేర్ లోయ, కోరాపుట్ (5 రాత్రులు)

మొదటి రోజు ఉదయం ఆరున్నరకు బయల్దేరి పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట చేరండి. అక్కడ టిఫిను చేసి ట్యాంకు నింపండి. ఆ తర్వాత ఘాట్ మొదలు. టైడా, అనంతగిరి కాఫీ తోటల మధ్య ఒక్కసారే ఆగండి. తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియం తీగ, ఆ చెట్ల నీడన కాఫీ మొక్క కనిపిస్తాయి. నవంబరు నుంచి జనవరి మధ్య ఎర్రటి పళ్లు కోస్తుంటారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పొడి కొనేటప్పుడు చికోరీ కలిసిందో లేదో పొట్లం వెనక చూడండి. బొర్రా గుహలు ఈ రోజు వద్దు. పెళ్లి అలసట ఇంకా ఒంట్లో ఉంటుంది. మధ్యాహ్నానికి గదికి చేరి నిద్రపోండి.

రెండో రోజు బొర్రా. పది గంటలకల్లా గుహ దగ్గరుంటే రద్దీ తక్కువ. మెట్లు తడిగా ఉంటాయి, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. చెప్పులతో దిగిన పెళ్లికూతుళ్లు కాలు బెణికించుకోవడం అక్కడ మామూలే. సాయంత్రం పాడేరు దారిలోని చాపరాయి వాగుకి వెళ్లండి. అక్కడ నీళ్లు పలకరాయి మీద పల్చగా జారుతూ ప్రమాదం లేనట్టే కనిపిస్తాయి. రాయి మీద పాచి ఉంటుంది, మధ్యమధ్య లోతైన గుంటలుంటాయి. జారితే నీళ్లు నేరుగా గుంటలోకే తీసుకుపోతాయి. ఒడ్డున కూర్చుని కాళ్లు తడుపుకోవడంతో ఆపండి.

ఏ వాగు దగ్గరైనా పాటించాల్సింది ఒకటుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువ కొండల్లో వాన పడి ఉండొచ్చు. నీళ్లు ఉన్నట్టుండి బురద రంగుకి మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, చప్పుడు పెరిగినా ఫోను, చెప్పులు వదిలేసి గట్టెక్కండి. సెల్ఫీ కోసం నీళ్లకి వీపు పెట్టి నిలబడొద్దు.

మూడో రోజు ఈ చుట్టులో పెద్ద ప్రయాణం. నందపూర్, సెమిలిగుడ, కోరాపుట్, జయపురం మీదుగా జగదల్‌పూర్‌కి సుమారు 190 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. ఉదయం ఆరుకే కదలాలి. అరకు నుంచి సెమిలిగుడ దాకా రద్దీ తక్కువ, మలుపులెక్కువ, సిగ్నల్ అంతంతమాత్రం. మ్యాపు ముందురోజే ఫోనులో దింపుకోండి. దగ్గరి దారి అంటూ అడవిలో సింగిల్ రోడ్డు చూపిస్తే పట్టించుకోవద్దు. సంత ఉన్న రోజు రోడ్డు మీదే బేరాలు జరుగుతాయి, హారన్ మోగించకుండా నెమ్మదిగా సాగండి. కోరాపుట్‌లో భోజనం చేసి బయల్దేరితే, జయపురం వైపు మళ్లీ ఘాట్ దిగుడు. అదయ్యాక రోడ్డు చదును.

నాలుగో రోజు కాంగేర్ లోయ. ఉదయం ఎనిమిదికల్లా గేటు దగ్గరుండండి. కుటుంసర్ గుహ వైపు సొంత కారు వెళ్లదు, అక్కడ జిప్సీ జీపు మాట్లాడుకోవాలి. గైడు తప్పనిసరి. సున్నపురాయి గుహ, దిగే దారి ఇరుకు, లోపల చీకటి, తేమ. నిమిషాల్లో చెమటతో తడిసిపోతారు. ఉబ్బసం ఉన్నవాళ్లు, ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లు బయటే ఆగడం మంచిది. ఒకరు దిగి ఒకరు ఆగడంలో చిన్నతనమేమీ లేదు. లోపల వేలాడే సున్నపు స్తంభాల్ని చేత్తో తాకొద్దు, చర్మం జిడ్డు అంటిన చోట పెరుగుదల ఆగుతుంది. వేల ఏళ్లు పట్టే పని అది.

అక్కడి నుంచి తీరథ్‌గఢ్ జలపాతం. మెట్ల మీద నీటి తుంపర పడుతుంటుంది, కోతులుంటాయి. చేతిలో తినే వస్తువు కనిపించకుండా దిగండి. ఈ అడవి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపక్షి కొండ గోరింకకు నెలవు. మనిషి మాటను అనుకరించే ఈ పక్షిని వినాలంటే పొద్దున్నే, కారు ఇంజను ఆపి, మాట్లాడకుండా కూర్చోవాలి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కాంగేర్ లోయకు చోటు దొరికింది. డ్రోన్, మ్యూజిక్ సిస్టం, జంతువులకు తిండి పెట్టడం అన్నీ నిషిద్ధం. పెళ్లి తర్వాతి ఫోటో షూట్‌కి కెమెరామన్‌ని తీసుకెళ్లాలనుకుంటే అటవీ శాఖ అనుమతి ముందే తెచ్చుకోవాలి. దసరా రోజుల్లో వెళ్తే జగదల్‌పూర్‌లో గదులు దొరకవు. బస్తర్ దసరా 75 రోజుల వేడుక.

అయిదో రోజు ఉదయం చిత్రకోట. ఇంద్రావతి అక్కడ 30 మీటర్ల ఎత్తు నుంచి గుర్రపు లాడం ఆకారంలో దూకుతుంది. శీతాకాలంలో కింద పడవలు నడుపుతారు, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. పది గంటలకి తిరుగుముఖం పడితే నాలుగు లోపు కోరాపుట్. రాత్రికి అక్కడే. ఆరో రోజు పొట్టంగి, సాలూరు, విజయనగరం మీదుగా ఇంటికి. సాలూరుకి దిగే ఘాట్‌లో బరువు లారీలు వరస కడతాయి. వాటి వెనక కనీసం అయిదారు కార్ల దూరం ఉంచండి. లారీ బ్రేకు ఫెయిలైతే తప్పుకునే జాగా ఉండాలి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఈ చుట్టుపక్కలే. ఒక రోజు ఎక్కువుంటే కోరాపుట్‌లో ఇంకో రాత్రి ఉండి చూడండి. లేకపోతే వదిలేయండి.

మ్యాపులో చూస్తే జగదల్‌పూర్ నుంచి సుక్మా, కుంట, చింతూరు మీదుగా మారేడుమిల్లికి రోడ్డు నేరుగా కనిపిస్తుంది. రెండు ఉద్యానాల్నీ కలిపేసే దారి కదా అని చాలామందికి ఆశ పుడుతుంది. ఆ దారిన వెళ్లొద్దని మా గట్టి సలహా. నక్సల్ హింసతో ఏళ్ల తరబడి నలిగిన ప్రాంతం అది. బంకులు, ఆసుపత్రులు, బస చేయదగిన చోట్లు తక్కువ. ఒక్క పంక్చర్ పడినా సాయంత్రం చీకట్లో చిక్కుకుంటారు.

దక్షిణపు చుట్టు: లంబసింగి, మారేడుమిల్లి, పాపికొండ (5 రాత్రులు)

నర్సీపట్నం మీదుగా లంబసింగి మూడు, మూడున్నర గంటలు. డిసెంబరు, జనవరి ఆదివారాల్లో తెల్లవారుజామున ఈ ఘాట్ మొత్తం బండ్లతో నిండి గంటల తరబడి ఆగిపోతుంది. మామూలు రోజున, మధ్యాహ్నం ఎక్కి రెండు రాత్రులు ఉండండి. ఉష్ణోగ్రత పది డిగ్రీలకి బాగా దిగువకి పోతుంది. స్వెట్టర్, చెవులకి మంకీ క్యాప్, గదిలో వేణ్నీళ్లున్నాయో లేదో ముందే అడగడం, ఈ మూడూ మరవద్దు. గది మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోకండి, దాని విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

మేఘాల సముద్రం చూడటానికి చెరువులవేనం కొండ దగ్గరే ఉంది. పాడేరు పక్కన వంజంగి ఇంకా పేరున్నది, కానీ నడక ఎక్కువ. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలకపోతే నేల త్వరగా చల్లారి బరువైన చల్లగాలి లోయలోకి దిగి మంచు పేరుకుంటుంది. ముందు రోజు వాన పడి ఉంటే ఇంకా బాగుంటుంది. పడుకునే ముందు నక్షత్రాలు స్పష్టంగా కనిపిస్తే అలారం అయిదుకు పెట్టుకోండి. మబ్బు పట్టి, గాలి వీస్తుంటే హాయిగా నిద్రపోండి.

మూడో రోజు కొండ దిగి నర్సీపట్నం, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి ఆరు గంటలు పెట్టుకోండి. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసింది. ఇప్పుడు కారులో వెళ్తేనే ఇంత సేపు పట్టే కొండల్లో వాళ్లు రోజుకో ఊరు ఎలా దాటారో ఆ దారిలో వెళ్తేనే అర్థమవుతుంది. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి దగ్గర ఓ పావుగంట ఆగండి.

రంపచోడవరంలో ట్యాంకు నింపి, డబ్బు తీసుకుని పైకి వెళ్లండి. మారేడుమిల్లిలో రెండు రాత్రులు. ఇక్కడ బొంగులో చికెన్ తినకుండా ఎవరూ రారు. పచ్చి బొంగులో, నూనె లేకుండా, నిప్పుల మీద ముప్పావు గంటైనా కాలాలి. తిరిగొచ్చే వేళ చెప్పి ముందే ఆర్డరివ్వండి. తొందరపెడితే ఎముక దగ్గర పచ్చిగా ఉంటుంది, విరిచి గులాబీ రంగు కనిపిస్తే మళ్లీ కాల్చమనండి. గుడిస పచ్చిక కొండకి సొంత కారు వేసుకెళ్లకండి. చివరి దారి రాళ్లు తేలి ఉంటుంది, ఇంజను అడుగు తగిలి ఆయిల్ చాంబర్ పగులుతుంది. స్థానికుల జీపు మాట్లాడుకోండి, అప్పుడు వెళ్లనిస్తున్నారో లేదో అటవీ చెక్‌పోస్టులో అడిగాకే.

అయిదో రోజు ఉదయం ఆరున్నరకల్లా బయల్దేరి గండి పోచమ్మ గుడి రేవుకి చేరండి. పాపికొండల పడవలు ఉదయం తొమ్మిది ప్రాంతంలో కదులుతాయి, సాయంత్రానికి తిరిగొస్తాయి. గోదావరి నీటిమట్టం పెరిగితే ఆపేస్తారు, టికెట్ కొన్నా ముందు రోజు ఫోను చేసి కనుక్కోండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం ఎవరూ మరవకూడనిది. ఆ రోజు నది వరద మీదుంది. లైఫ్ జాకెట్ ఎక్కగానే వేసుకుని, బకిల్ పెట్టుకుని, దిగేదాకా తీయకండి. ఫోటోలో బాగోదనో, ఉక్కగా ఉందనో తీసి ఒళ్లో పెట్టుకుంటే అది ఉన్నా లేనట్టే. ఫోటో కోసం అందరూ ఒకే వైపుకి చేరితే మీరు రెండో వైపు కూర్చోండి.

ఈ ఒక్క రోజు నాలుగు గంటల కట్టుబాటు కుదరదు. ఆ రాత్రి రాజమహేంద్రవరంలో ఉండి, మర్నాడు అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేసుకుని విశాఖకి రావచ్చు. పెళ్లయ్యాక ఎలాగూ చేసుకోవాల్సిన వ్రతమే. పంచె, చీర ఇస్త్రీ చేసి వేరే కవరులో పెట్టుకోండి, ఆరు రోజుల మట్టి బట్టల కింద నలిగిపోకుండా. వ్రతం అయ్యేదాకా పస్తుంటారు కాబట్టి ఉదయం తొందరగా చేరండి.

ఒంటి సంగతి

కడుపులో తిప్పే గుణం ఉంటే ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు వైపే చూడాలి, ఫోను చూడకూడదు. పూరీ, బజ్జీ వద్దు, ఇడ్లీ చాలు. అవోమిన్ లాంటి మాత్ర ఘాట్‌కి గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే కక్కుకుపోతుంది. నిద్ర తెస్తుంది కాబట్టి బండి నడిపే వాళ్లు అసలు వేసుకోకూడదు.

కొత్త పెళ్లికూతుళ్లకి దారిలో బాగా ఇబ్బంది పెట్టేది మూత్రంలో మంట. బాత్రూము దొరకదని నీళ్లు తాగడం మానేస్తారు, గంటల తరబడి ఆపుకుంటారు, కొత్త దాంపత్యం కూడా తోడై ఇన్ఫెక్షన్ వస్తుంది. పెద్ద బంకు, టూరిజం హోటల్ కనిపించిన ప్రతిచోటా ఆగండి. ఆపమని ఆమె అడిగేదాకా ఆగకుండా, ఆయనే ప్రతి గంటన్నరకీ బండి ఆపాలి. రోజుకి ఇద్దరూ చెరో మూడు లీటర్ల నీళ్లు తాగండి, కలయిక తర్వాత మూత్రానికి వెళ్లడం అలవాటు చేసుకోండి. మంటతో పాటు జ్వరం, నడుము నొప్పి ఉంటే కొండ దిగి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, మందుల షాపు మాత్రలతో నెట్టుకురావద్దు.

పెళ్లి నగలు ఇంట్లోనే ఉంచండి. నల్లపూసలు, రెండు జతల గాజులు చాలు. చిన్న నోట్లు ఎక్కువ పెట్టుకోండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకి 108, జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033. ప్రతి ఉదయం ఇంట్లో ఒకరికి ఆ రోజు దారి, చేరే వేళ మెసేజ్ పెట్టండి. సిగ్నల్ లేని చోట ఫోను అందకపోతే వాళ్లు కంగారు పడకుండా, నిజంగా ఆలస్యమైతే ఎక్కడ వెతకాలో తెలిసేలా.

మన్యంలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి నిండు చేతుల బట్టలు, దోమల క్రీము, గదిలో దోమతెర లేదా లిక్విడ్ మెషీన్ తప్పనిసరి. ఇంటికొచ్చాక రెండు మూడు వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా, చలితో వచ్చినా రాకపోయినా, పారాసిటమాల్ వేసుకుని చూద్దామనుకోవద్దు. ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి మొదటి మాటగా చెప్పి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. పరీక్షలో లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించండి, మొదటిసారి పరీక్షకి దొరక్కపోవడం మలేరియాలో మామూలే.